కప్ప లేని మఫ్లరు

అనగనగనగా ఒక కొండ ఊళ్ళో, నీలాగే గంపెడు ప్రశ్నలేసే ఒక పిల్ల ఉండేది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఊఁ కొడుతూ విను. ఊఁ ఆగిపోయిందంటే నువ్వు నిద్రపోయావనుకుని నేనూ పడుకుంటాను.

ఆ ఊరు మన వైపుది కాదు. రైలెక్కి, బస్సెక్కి, ఆ తర్వాత జీపెక్కి వెళ్ళాలి, ఎక్కడో ఉత్తరాన. మనకి మంచు అంటే తెల్లారేసరికి గడ్డి మీద తడి, అంతేగా? అక్కడ అలా కాదు. ఏకిన దూదిలా పైనుంచి పడుతుంది. పడి, పిలవని చుట్టంలా అలాగే కూర్చుంటుంది. ఎప్పుడు కదులుతుందో దానిష్టం.

ఆ పిల్ల పేరు కుందన. వాళ్ళ నాన్న అక్కడ కొండకి సొరంగం తవ్వించే ఇంజినీరు. వాళ్ళమ్మ పేరు వకుళ. మన గోదావరి మనిషే, పెళ్ళయ్యాక మొగుడి వెంట ఆ చలిలోకి వెళ్ళింది.

కుందనని మొదట ఆ ఊరి బళ్ళోనే వేశారు. అక్కడి భాష వేరు. పిల్ల నోరు విప్పితే చాలు, మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. అప్పుడు కుందన బళ్ళో మాట్లాడ్డం మానేసింది. ఆ తర్వాత ఇంట్లోనూ తగ్గించేసింది. ఆ తర్వాత పొద్దున్నే పుస్తకాల సంచీ చూస్తే చాలు, కడుపునొప్పి అని ముడుచుకుపోయేది.

వకుళ చూసింది, చూసింది, ఒక రోజు ఆ సంచీ తీసి మేకుకి తగిలించేసింది. ఇంక నీ బడి ఇదే, నీ పంతులమ్మని నేనే అని చెప్పింది. రేకు పొయ్యి దగ్గర చాప పరిచింది. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం తెలుగు, సాయంత్రం ఏదో ఒక చేతిపని. నెమ్మదిగా పిల్ల గొంతు పైకొచ్చింది. ఎంత పైకంటే, పాలు పోసే ఆవిడతో ఆవిడ భాషలోనే పోట్లాడేంత.

వకుళ మంచి పంతులమ్మే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ముందు ముందు నీకు ఆవిడ మీద కోపమొస్తుంది, అప్పుడు నేను చెప్పినా నువ్వు వినవు.

ఇలా ఉండగా కుందన తాతయ్య వచ్చారు. నాన్నకి నాన్న. దక్షిణామూర్తి మాస్టారని, హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి దిగిపోయినాయన. ఆయన ఎదురొస్తుంటే కుర్రాళ్ళు సైకిళ్ళు దిగి నడిపించుకుంటూ పోయేవాళ్ళట. మనవరాలిని బడి మాన్పించారని తెలిసేసరికి కోపం ముక్కు మీదికొచ్చి రైలెక్కేశారు. అయినా పెద్దమనిషి కదా, రాగానే అరవలేదు. కాళ్ళు కడుక్కున్నారు, కాఫీ తాగారు, అప్పుడు కోడలిని పిలిచారు.

“అమ్మాయ్ వకుళా, నేను పిల్లని తీసుకెళ్దామనే వచ్చాను. పదిమందిలో కూర్చుని చదివిందే చదువని నా నమ్మకం. అయినా నీ కష్టం చూడకుండా తీర్పు చెప్పను. ఉన్నన్నాళ్ళూ చూస్తాను. నువ్వు చెప్పే చదువు నిలబడేదైతే పిల్ల ఇక్కడే ఉంటుంది. లేదంటే నాతో వస్తుంది. అక్కడ మీ అత్తయ్యగారున్నారు, మంచి బడి ఉంది.”

పిల్ల తండ్రి ఏమన్నాడని అడుగుతావు, నాకు తెలుసు. ఏమీ అనలేదు. తండ్రి ముందు నోరెత్తే రకం కాదు. ఆ మాటలయ్యాక సొరంగం దగ్గర పనుందని వెళ్ళాడు, వెళ్ళినవాడు అక్కడే మంచులో చిక్కుకుపోయాడు. సుఖపడ్డాడు.

ఆ తర్వాత మాస్టారు పరీక్షలు మొదలుపెట్టారు. మొదట ఎక్కాలు అడిగారు. కుందన ఏడో ఎక్కం దాకా గడగడా చెప్పి, ఎనిమిదో ఎక్కం మధ్యలో ఆగి, తాతయ్యా నీ చెవుల్లో వెంట్రుకలెందుకున్నాయి అంది. మాస్టారు “ఊఁ” అన్నారు. ఆ తర్వాత చదవమన్నారు. ధృతరాష్ట్రుడి దగ్గర నాలుక తిరక్క పిల్ల పకపకా నవ్వేసింది. మాస్టారు మళ్ళీ “ఊఁ” అన్నారు. ఆ తర్వాత ఆవు మీద వ్యాసం రాయమన్నారు. కుందన గేదె మీద రాసింది, తనకి గేదె ఇష్టమని. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అంతా చదివి, మూడోసారి కూడా “ఊఁ” అన్నారు.

అవి నువ్వు కొట్టే ఊఁ లాంటివి కావు. లోపల ఏముందో పైకి తెలిసేవి కావు. వకుళ వాటిని పట్టుకుని కూర్చుంది. ఊఁ అంటే బాగుందనా, బాగులేదనా? అన్నం సయించలేదు ఆవిడకి. మామూలు బళ్ళో పరీక్షంటే పిల్లలకి భయం. ఇంట్లో బడి పెట్టుకుంటే భయమంతా పంతులమ్మకే. తప్పితే పోయేది మార్కులు కాదు కదా, పిల్ల.

ఆ మర్నాడు లేచి చూస్తే కిటికీ సగం దాకా మంచు. తలుపు తోస్తే రాలేదు, వకుళ భుజం పెట్టి నెట్టాల్సొచ్చింది. జీపుల దారి మూసుకుపోయిందన్నారు. ఊరి బడికి సెలవన్నారు. ఆ సెలవు మాట కుందన చెవిన పడింది.

అప్పుడు ఏం చేసింది? తిన్నగా అమ్మ దగ్గరికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “మంచు పడితే బడికి సెలవు కదా? మన బడి మీద కూడా పడిందమ్మా. కావాలంటే బయటికొచ్చి చూసుకో.”

కిటికీ దగ్గర కూర్చున్న మాస్టారు ఆ మాటకి మీసాల్లో నవ్వుకున్నారు. వకుళ అటు చూడలేదు. చూసి ఉంటే నేను ఇవాళ నీకు వేరే కథ చెప్పుకోవాల్సొచ్చేది.

సెలవిస్తే మామగారు ఏమనుకుంటారో, ఇవ్వకపోతే పిల్ల మూతి ముడుస్తుందేమో. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అప్పుడు వకుళ ఒక ఉపాయం ఆలోచించింది. సెలవు ఇచ్చేసి, అల్లిక తెచ్చుకోమంది. అల్లిక అటు చదువూ కాదు, ఇటు ఆటా కాదు.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ అల్లుతారులే. నడుస్తూ అల్లుతారు, కబుర్లాడుతూ అల్లుతారు, మేకల వెనకాల పోతూ కూడా అల్లుతారు. వకుళ వాళ్ళని చూసి నేర్చుకుంది. ఆవిడ చేతిలో కుట్టు కుట్టుకీ తేడా ఉండదు, మిషన్ మీద చేసినట్టే. ఆ తర్వాత కుందనకి నేర్పింది. తాతయ్య వస్తున్నారని తెలిసిన రోజునే కుందన ఆయన కోసం మఫ్లరు మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, దానికే తోచింది. ఆకుపచ్చ ఊలు, లావుపాటి అల్లిక పుల్లలు రెండు. ఒక వరస అటు, ఒక వరస ఇటు.

మరి చిన్నపిల్ల అల్లిక ఎలా ఉంటుంది? ఒకచోట కుట్టు జారి చిల్లు పడింది. ఒకచోట బిగుసుకుపోయింది. ఒకచోట కుట్లు ఎక్కువైపోయి ఉబ్బెత్తుగా లేచింది, పాము కప్పని మింగితే ఉంటుందే, అలా. కుందనకి ఆ ఉబ్బంటే మహా ఇష్టం. వేలితో నొక్కి నొక్కి చూసేది. ఇందులో కప్ప ఉంది, ఇంకా బతికే ఉంది అనేది.

వకుళకి మాత్రం దాన్ని చూస్తే గుండె దడ. దారి తెరవగానే మామగారు బయల్దేరతారు. అప్పటికి పిల్ల ఈ మఫ్లరు ఇస్తుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుంటారు. చిల్లు చూస్తారు, ఉబ్బు చూస్తారు, ఇదా నీ చదువు అంటారు. జరగని దాన్ని ఇంత వివరంగా ఊహించుకుంది ఆవిడ. భయపడ్డవాళ్ళ బుర్ర అలాగే పనిచేస్తుంది.

ఇంతలో కుందన తాతయ్యని చెయ్యి పట్టుకుని మంచులోకి లాక్కుపోయింది. చాప మీద మఫ్లరు ఒక్కటే మిగిలింది. వకుళ వంటింట్లోకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. అప్పుడు, ఆ ఒక్క చిల్లూ పూడ్చేద్దాం, అంతే, అనుకుంది. జారిన కుట్టుని పుల్లతో పైకి లాగి, వరసలో కలిపి, ఎక్కడిదక్కడ పెట్టేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది.

కుందన ముక్కు ఎర్రగా చేసుకుని లోపలికొచ్చింది. పొయ్యి దగ్గర చేతులు కాచుకుని నాలుగు వరసలు అల్లింది. చిల్లు సంగతి గమనించలేదు. అమ్మా నేను ఇవాళ భలే అల్లుతున్నాను కదా అంది. వకుళ అవునమ్మా అంది. దగ్గొచ్చినట్టు నటించి మొహం తిప్పుకుంది.

అన్నాలయ్యాక తాతా మనవరాలూ మళ్ళీ బయటికి పోయారు, మంచుతో గేదెని చేస్తామని. తెల్ల గేదె. మాస్టారు కొమ్ములు సరిగ్గా రాలేదని పోట్లాడుతున్నారు, గొంతు లోపలికి వినిపిస్తోంది. అలాంటి మనిషిని చూసి భయపడొచ్చా? వకుళ ఆయన గొంతు వింది గానీ మాటలు వినలేదు. ఆవిడ కళ్ళన్నీ ఆ ఉబ్బు మీదే ఉన్నాయి.

చిల్లు పూడ్చినంత తేలిక కాదు ఉబ్బు తియ్యడం. దాని తర్వాత పిల్ల అల్లిందంతా విప్పాలి. వకుళ దారం పట్టుకుని లాగింది. పిల్ల నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి అల్లిన వరసలు సర్రున ఊడొచ్చాయి. ఆ తర్వాత చకచకా అల్లేసింది. తిన్నగా, సాపుగా. ఆవిడకి చెవులు వేడెక్కాయి. గుమ్మం దగ్గర అలికిడైతే ఊలు కొంగు కింద దాచేసింది. సొంత ఇంట్లో, సొంత కూతురి వస్తువు, దొంగసొత్తులా దాచింది. అప్పుడైనా ఆగాలి కదా? సిగ్గు పడింది, పడుతూనే చేసింది.

కుందన వచ్చి మఫ్లరు చేతిలోకి తీసుకుంది. వేలు పెట్టి నొక్కింది. ఇంకోచోట నొక్కింది. ఆ చివర నుంచి ఈ చివరకి తడుముకుంటూ వచ్చింది.

“అమ్మా, నా కప్ప ఏది?”

పొయ్యి వేడికి ఊలు సర్దుకుంటుందమ్మా, ఊలు గుణమే అంత అని చెప్పింది వకుళ. తొణక్కుండా చెప్పింది. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది.

కుందన అమ్మ మొహంలోకి చూసింది. చాలాసేపే చూసింది. అప్పుడు మఫ్లరు మడిచి చాప మీద పెట్టి, పొయ్యి దగ్గర పడుకుని, గోడకేసి తిరిగి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందో, పోయినట్టు పడుకుందో మనకి తెలీదు. నువ్వు కూడా అలా పడుకుంటావుగా, ఒక్కోసారి.

ఆ తర్వాత కింది నుంచి ఎవరో కేకేసి చెప్పారు, రేపటికి దారి తెరుస్తారని. మాస్టారు తన గదిలో కునుకు తీస్తున్నారు. వకుళ మఫ్లరు విప్పి పరిచింది. పై సగం ఆవిడ అల్లిక, కింది సగం పిల్ల అల్లిక. ఎవరు చూసినా పట్టేస్తారు, ఇది రెండు చేతుల పనని. అప్పుడు ఆవిడ మొదటికంటా విప్పేసింది. అంతా. పిల్ల మొట్టమొదట వేసిన కుట్టు కూడా విప్పేసింది.

మనసుకి సర్దిచెప్పుకుంది కూడా. ఊలు పిల్లదే, పుల్లలు పిల్లవే, అల్లాలన్న బుద్ధి పుట్టింది పిల్లకే, మరి మఫ్లరు పిల్లది కాక ఎవరిది అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. లావు ఊలు, చెయ్యి తిరిగిన మనిషి, దీపాలు పెట్టే వేళకల్లా మఫ్లరు పూర్తయిపోయింది. కుందన లేచాక దాని చేతికిచ్చి, పూర్తయింది, తాతయ్యకి ఇచ్చెయ్యి అంది. కుందన ఎలా పూర్తయిందని అడగలేదు.

పిల్ల మఫ్లరు తీసుకెళ్ళి తాతయ్య ఒళ్ళో పెట్టింది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని దీపం దగ్గరికి జరిగారు. ఈ అంచు చూశారు, ఆ అంచు చూశారు, తిరగేసి చూశారు. వకుళ తలుపు చాటు నుంచి చూస్తోంది.

“కుందూ, పొద్దున మంచులో ఆడుకుంటూ చెప్పావే, ఇందులో నాకోసం ఒక కప్పని పెంచుతున్నానని. ఆ కప్ప ఏదమ్మా?”

వకుళ ఆ ముక్క అనుకోలేదు. పిల్ల ఆయనకి చెప్పేసిందని ఆవిడకేం తెలుసు? గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు కొంగులో చుట్టేసుకుంది.

కుందన తలుపు వైపు ఒక్కసారి చూసింది. ఆ తర్వాత తాతయ్య కళ్ళల్లోకి చూసి చెప్పింది.

“తీసేశాను తాతయ్యా. బాగాలేదని నేనే విప్పేసి, నేనే మళ్ళీ అల్లాను. అమ్మ అసలు ముట్టుకోలేదు.”

నువ్వేనా అని అడిగారు మాస్టారు. నేనే అంది కుందన. రెప్ప కూడా వెయ్యలేదు.

అప్పుడు మాస్టారు మఫ్లరు మెడకి చుట్టుకున్నారు. ఈసారి ఊఁ అనలేదు. కోడలిని పిలిచి చెప్పారు. తన తప్పు తనే కనిపెట్టి, విప్పి, మళ్ళీ మొదలుపెట్టడం ఎంత చదివినవాళ్ళకీ అంత తేలిగ్గా రాదన్నారు. అది వచ్చిందంటే నీ చదువు నిలబడ్డట్టే అమ్మాయ్ అన్నారు. పిల్ల ఇక్కడే ఉంటుందన్నారు.

ఈ మాట కోసమే కదా వకుళ ఇన్నాళ్ళూ అన్నం మానేసింది? మరి వచ్చింది. వస్తే ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఎదురుగా నిలబడలేక, చారు పొంగుతోందని చెప్పి వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద చారు లేదు.

ఆ వెనకాలే కుందన వచ్చింది. అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని, మెల్లిగా, తాతయ్యకి వినపడకుండా అడిగింది.

“బాగా చెప్పానా అమ్మా? మధ్యలో ఎక్కడా ఆగలేదు కదా?”

రోజూ ఎక్కం అప్పజెప్పాక ఎలా అడుగుతుందో అచ్చం అలాగే అడిగింది.

వకుళ అక్కడే పీట మీద కూలబడిపోయింది. భూమి రెండుగా చీలి లోపలికి తీసుకుంటే బాగుండునని మనం ఊరికే అంటూంటాం, ఆవిడకి ఆ పూట నిజంగా అలాగే అనిపించింది. సెలవిచ్చానని అనుకుంది గానీ, ఆ రోజంతా బడి నడిచింది. తను చెప్పిన పాఠమే పిల్ల నేర్చుకుంది, తడుముకోకుండా ఒప్పజెప్పింది. బళ్ళో నవ్వులపాలైందని కదా పిల్లని ఇంటికి తెచ్చుకుంది? ఆ బళ్ళో ఎవరూ పిల్లకి ఇలాంటిది నేర్పలేదు. సిగ్గుతో ఆవిడకి ఏడుపు కూడా రాలేదు.

నోరు మూసుకుంటే పిల్ల దక్కుతుంది. నోరు విప్పితే పోతుంది. అది కూడా ఆలోచించింది, ఆలోచించలేదని నేను చెప్పను. కానీ కుందన ఇంకా కుచ్చిళ్ళు పట్టుకునే ఉంది, జవాబు కోసం. బాగా చెప్పావని అనాలా, చెప్పలేదని అనాలా? ఏదన్నా పిల్లకేగా తగిలేది?

అప్పుడు వకుళ లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, మామగారి ముందుకెళ్ళి నిలబడింది.

“మామయ్యగారూ, ఆ మఫ్లరు అల్లింది కుందన కాదు, నేను. అది అల్లిందంతా విప్పేసి నేను మళ్ళీ అల్లాను. దానికి చెప్పకుండా చేశాను. అడిగితే అబద్ధం చెప్పాను. అది కనిపెట్టి కూడా నాకోసం మీతో అబద్ధమాడింది. తప్పు దానిది కాదు.”

మాస్టారు ఎందుకు చేశావని అడిగారు. పిల్లని తీసుకుపోతారని అంది వకుళ. ఆయన మఫ్లరు మెడలోంచి తీశారు. మడతపెట్టారు. పక్కన పెట్టారు.  ఆ తర్వాత అన్నం పెట్టమన్నారు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే దారి తెరిచారు. వకుళ ఎవరూ చెప్పకుండానే కుందన బట్టలు సంచీలో సర్దింది. స్వెట్టర్లు సర్దింది, మేజోళ్ళు సర్దింది, పలకా పుస్తకాలూ సర్దింది. ఒక్కొక్కటీ పెడుతుంటే చెయ్యి ఆగిపోతోంది. ఆగితే మళ్ళీ తనే కదిలించింది.

మాస్టారు స్నానం చేసి, సంచీ కట్టుకుని, మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. పుల్లలు తెచ్చుకో కుందూ, నాకు రెండు వరసలు అల్లి చూపించు అన్నారు. పిల్ల చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

“నాకు రాదు తాతయ్యా. అమ్మకే వచ్చు.”

పోనీ రెండో ఎక్కం చెప్పు అన్నారు ఆయన. కుందన నోరు తెరిచింది. తెరిచి, ముందు అమ్మ మొహం వైపు చూసింది. రెండో ఎక్కానికి! నిన్నటిదాకా ఎనిమిదో ఎక్కం మధ్యలో చెవుల్లో వెంట్రుకల గురించి అడిగిన పిల్ల.

వకుళ అది చూసింది. మాస్టారూ చూశారు. ఆ పూట ఇద్దరికీ ఒకే చోట నొప్పి పుట్టింది.

“అమ్మాయ్, పిల్ల సంచీ విప్పెయ్యి,” అన్నారు మాస్టారు. “నువ్వు గెలిచావని కాదు. రాని పిల్లకి నేర్పడం నాకు తెలుసు. నాకు రాదు అనుకున్న పిల్లకి నేర్పడం నా వల్ల కాదు. ఆ మాట దాని నోటికి ఎవరు పట్టించారో వాళ్ళే విడిపించాలి. నేను తీసుకెళ్తే ఆ మాటా నా వెంటే వస్తుంది. పాడుచేసింది నువ్వు. బాగుచెయ్యాల్సిందీ నువ్వే.”

ఆ తర్వాత మఫ్లరు కోడలి చేతికి ఇచ్చేశారు. ఇది నీది, నా మనవరాలిది తయారయ్యాక పంపండి, వేసుకుంటాను అన్నారు. ఆ చలిలో చొక్కా కాలరు పైకెత్తుకుని, బోసి మెడతోనే జీపెక్కారు. వకుళ వాకిట్లో మఫ్లరు పట్టుకుని నిలబడిపోయింది. వెచ్చటి మఫ్లరు. ఒక్క తప్పు లేదు అందులో. జీపు మలుపు తిరిగేదాకా తల ఎత్తలేకపోయింది.

పిల్ల దక్కింది కదా, ఇంక దిగులెందుకంటావా? దక్కడం వేరు, మొహం చెల్లడం వేరమ్మా. పెద్దయ్యాక నీకే తెలుస్తుంది.

లోపలికొచ్చి వకుళ పిల్ల ఎదురుగానే మఫ్లరు విప్పింది. మొదటి కుట్టు దాకా విప్పి, ఉండ చుట్టి, కుందన పక్కన పెట్టింది. తీసుకోమని అనలేదు. ఆ రోజు కుందన దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు కాలితో దొర్లించి ఆడుకుంది. ఆ మర్నాడు పుల్లలు తీసుకుంది.

వకుళ పక్కనే కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది, ఎక్కడ చొరబడతాయోనని. కుందన ఒక కుట్టు వేసి అమ్మ మొహం చూసింది. ఇంకొకటి వేసి మళ్ళీ చూసింది. మూడోది జారింది. వకుళ చెయ్యి కదల్లేదు, నోరు మెదపలేదు, కానీ కనుబొమ్మ ఇంత ముడిపడింది. ఆవిడకి తెలీకుండానే పడింది. కుందన అది చూసి పుల్లలు కింద పెట్టేసింది.

అప్పుడు వకుళకి తెలిసింది, తప్పు చేతులొక్కటే చెయ్యలేదని. ఆ కళ్ళు కూడా చేశాయి, ఆ కనుబొమ్మ కూడా చేసింది. వాటిని ఎక్కడ దాచుకోవాలి? మొహమంతా మంటెత్తిపోయింది. తప్పు పడిందా అమ్మా అని అడిగింది కుందన. పడింది అంది వకుళ, ఈసారి దాచలేదు. నువ్వు సరిచేస్తావా అంది కుందన. చెయ్యను తల్లీ, ఇంకెప్పుడూ చెయ్యను, చేసినందుకు నాకు సిగ్గుగా ఉంది అంది వకుళ.

పిల్ల మళ్ళీ పుల్లలు చేతిలోకి తీసుకుంది.

“అయితే నువ్వు అటు తిరుగు. నేను పిలిచేదాకా చూడకు.”

వకుళ తిరిగింది. బళ్ళో తప్పు చేసిన పిల్లని నిలబెడతారే, అలా గోడకేసి తిరిగి కూర్చుంది. వెనకాల ఏమీ వినపడలేదు. చాలాసేపు వినపడలేదు. ఆ తర్వాత టిక్కుమని ఒక పుల్ల ఇంకో పుల్లకి తగిలింది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. వకుళ గోడ వైపే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు చప్పుడు వింటే పిల్ల మళ్ళీ ఎక్కడ ఆపేస్తుందోనని.

ఏంటీ? మఫ్లరు పూర్తయిందా అనా? అయింది. రోజూ ఆ పిల్ల అల్లింది, రోజూ ఆ తల్లి గోడకేసి కూర్చుంది. కుందనే దాన్ని కాగితంలో చుట్టి, కుందనే దారం కట్టి, జీపువాడి చేతికిచ్చి తాతయ్యకి పంపింది. అందులో చిల్లులున్నాయో, కప్పలున్నాయో, ఏమున్నాయో వకుళకి తెలీదు. పిల్ల పిలవలేదు, ఆవిడ చూడలేదు.

ఊలుండ దొర్లింది మూలకి,
గువ్వపిట్ట చేరింది గూటికి,
మంచు కరిగి పారింది ఏటికి,
కథ నడిచింది కంచికి,
మనం పోదాం మంచానికి.